అత్తగారి అకౌంట్లో నా ఇంట్రాడే

మొన్న చలికాలంలో కూచిపూడిలో ఒకావిడ హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి పట్టుబడ్డాను. నవ్వకండి, నిజం! పట్టపగలు, డాన్సు క్లాసు మధ్యలో! ఆ బ్యాగు మా అత్తగారిది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇవాళ మీతో కూర్చుని ఈ టీ తాగేవాణ్ణి కాదు.

అసలు సంగతి చెప్తా వినండి. నేను షేర్ మార్కెట్లో ఉన్నానని మీకు తెలుసు. మా అత్తగారు కూడా ఉన్నారని తెలీదు కదూ? రాజ్యలక్ష్మి గారు, హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. మామగారు పోయాక పటమటలో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరం ట్రేడర్లం. కానీ దారులు పూర్తిగా వేరు.

నాది డే ట్రేడింగ్, యాప్ భాషలో ఇంట్రాడే. ఆటోనగర్లో షాపు తీసి, దేవుడికి అగరొత్తులు వెలిగించి, మార్కెట్ ఓపెనయ్యే తొమ్మిదింపావుకల్లా ఫోన్ పట్టుకుంటా. పొద్దున కొన్నది మధ్యాహ్నం మూడున్నరకి మార్కెట్ మూసేలోపు అమ్మెయ్యాలి. రాత్రికి చేతిలో ఏదీ ఉంచుకోకూడదు. ఒక కన్ను ఫోన్ మీద, ఒక కన్ను కస్టమర్ మీద. లారీకి బ్రేక్ లైనర్లు అడిగినవాడికి క్లచ్ ప్లేటు కట్టిచ్చి పంపిన రోజులున్నాయి.

ఆవిడది పొజిషన్ ట్రేడింగ్. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కళ్లజోడు పెట్టుకుని చార్టులు చూస్తారు. నచ్చితే సోమవారం కొంటారు. ఇక నెలల తరబడి దాని జోలికి పోరు. ఎంతకు వస్తే అమ్మాలో, ఎంతకు పడితే వదిలించుకోవాలో కొనేరోజే అనుకుని ఊరుకుంటారు.

"రోజూ ఆ ఫోన్ ఎందుకు బాబూ అట్లా నలుపుతారు? కుక్కర్ పెట్టాక మాటిమాటికీ మూత తీసి చూస్తామా?" అంటారు నన్ను.

"ఇది స్పీడు యుగం అత్తయ్య గారూ!" అంటాను నేను.

"స్పీడుగా ఎటు పోతున్నారో కూడా చూసుకోవాలి కదా," అంటుంది మా ఆవిడ శిరీష, వంటింట్లోంచి. తనకి మార్కెట్ గురించి ఏమీ తెలీదు. నా గురించి మాత్రం బాగా తెలుసు.

ఇంతకీ అత్తగారు షేర్లు ఎందుకు కొన్నారో తెలుసా? డాన్సు కోసం! ఆవిడ పుట్టిన ఊరు కూచిపూడి దగ్గరే. చిన్నప్పుడు కిటికీ పట్టుకుని నిలబడి పిల్లలు ఆడుతుంటే చూసేవారట. వాళ్ల నాన్న, "చదువుకో, అది చాలు" అన్నాడట. చదువుకున్నారు, చదువు చెప్పారు, రిటైరయ్యారు. రిటైరైన మర్నాడు బస్సెక్కి కూచిపూడి పోయి ఒక మాస్టారి దగ్గర చేరిపోయారు! మాకు చెప్పింది తిరిగొచ్చాకే. అప్పట్నుంచీ వారానికి రెండు రోజులు బస్సులో వెళ్లి నేర్చుకుంటున్నారు. ఎప్పటికైనా స్టేజీ మీద రంగప్రవేశం చెయ్యాలి. మృదంగం, వయొలిన్, పాట, కాస్ట్యూమ్స్, హాలు... మాటలా? పిల్లల్ని అడగనన్నారు. ఒక మోటారు పంపుల కంపెనీ షేర్లు కొని, "ఇవి నా గజ్జెల షేర్లు" అని పేరు పెట్టారు. పాపం, నిజంగానే అవి మెల్లగా పెరుగుతూ వచ్చాయి.

ఇప్పుడు నా ఘనకార్యం.

ఒక ఆదివారం సాయంత్రం ఆవిడ, "బాబూ, నా అకౌంట్లో నామినీ పేరు మార్చాలి, నా ఫోన్లో ఆ పేజీ రావట్లేదు" అన్నారు. ఇద్దరిదీ ఒకే యాప్. సరే, నా ఫోన్లోనే ఆవిడ అకౌంట్ తెరిచి, ఆవిడ ఫోన్‌కొచ్చిన ఓటీపీ కొట్టి, పని పూర్తి చేశాను. ఈలోపు శిరీష వేడివేడిగా మిరపకాయ బజ్జీలు తెచ్చింది. లాగవుట్ చెయ్యడం మర్చిపోయాను. తప్పంతా బజ్జీలదే.

మర్నాడు పొద్దున షాపులో వేలిముద్ర వేసి యాప్ తెరిచాను. స్క్రీనంతా లాభాల పచ్చరంగులో ఉంది! అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నా అకౌంట్లో పచ్చరంగు ఎప్పుడు కనిపించింది గనక! అబ్బ, ఇవాళ నా టైము బావుంది అనుకున్నా తప్ప, పైన మూలన ఎవరి పేరుందో చూడలేదు.

మాకో టిప్స్ గ్రూపు ఉంది. అందులో గురూజీ అని ఒకాయన పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. 'పంపుల షేరు ఇవాళ ఢమాల్. అందరూ అమ్మండి.' ఇంట్రాడేలో ఒక సదుపాయం ఉంది లెండి. మన దగ్గర లేని షేర్లు కూడా ముందు అమ్మేసి, రేటు పడ్డాక చవగ్గా కొని లెక్క సరిచెయ్యొచ్చు. నాకు ఆ విద్యంటే మహా ఇష్టం. అత్తగారి దగ్గర ఆ షేర్లే ఉన్నాయన్న సంగతి గుర్తుంది. 'పాపం అత్తయ్య గారు, ఇవాళ ఆవిడకి పడుతుంది, నాకు వస్తుంది' అని జాలి కూడా పడ్డాను!

అమ్మకం బటన్ నొక్కాను. ఎన్ని షేర్లు అనే చోట అప్పటికే ఒక అంకె వేసి ఉంది. నేను రోజూ వేసేదానికంటే చాలా పెద్దది. ఏమనుకున్నానో తెలుసా? బ్రోకర్ నా టాలెంట్ గుర్తించి నా లిమిట్ పెంచాడనుకున్నా! ఒకప్పుడైతే అకౌంట్లో దాచుకున్న షేర్లు అమ్మాలంటే ఓటీపీ అడిగేది. "ఆ గోల మీకెందుకండీ అత్తయ్య గారూ" అని పోయినేడు ఆవిడ చేత సంతకం పెట్టించి ఆ తలుపు తీయించిన మహానుభావుణ్ణి నేనే. ఇలా వేలితో తోశాను. అలా అమ్ముడైపోయాయి.

రేటు కొంచెం పడింది. నేను కాలు మీద కాలేసుకున్నా. ఎదురుగా ఒక లారీ ఓనరు ఎయిర్ ఫిల్టర్ కోసం నిలబడి ఉన్నాడు.

"ఏంటి ప్రసాద్ గారూ, అంత నవ్వు?"

"మా సబ్జెక్టు లెండి, మీకు అర్థం కాదు."

లాభం ఎంతొచ్చిందో చూద్దామని ఇవాళ్టి లెక్కల పేజీ తెరిచాను. అక్కడ 'ఇంట్రాడే' అని ఉండాల్సిన చోట 'డెలివరీ' అని ఉంది. అంటే, చేతిలో ఉన్న అసలు షేర్లు అమ్మినట్టు! నా చేతిలో షేర్లెక్కడివి? అప్పుడు చూశాను పైన మూలకి. 'రాజ్యలక్ష్మి' అని ఉంది.

కాళ్లకింద ఆటోనగర్ మొత్తం కదిలిపోయింది. గజ్జెల షేర్లు! అత్తగారు ఇన్నాళ్లు దాచుకున్న గజ్జెల షేర్లు నేను అమ్మేశాను!

నిజానికి అప్పుడే అక్కడే తిరిగి కొనేస్తే గొడవ లేదు. ఎవరికీ తెలిసేది కూడా కాదు. కానీ భయంలో మనిషి బుర్ర పనిచెయ్యదండీ. దొంగ తన వేలిముద్రలు తుడుచుకున్నట్టు, గబుక్కున లాగవుట్ కొట్టేశాను! కొట్టాక అర్థమైంది. మళ్లీ లోపలికి పోవాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ ఆవిడ ఫోన్‌కి వస్తుంది. ఆవిడ ఆ రోజు కూచిపూడిలో ఉన్నారు.

ఫోన్ చేశాను. మోగుతోంది, తియ్యట్లేదు. ఆ మాస్టారి దగ్గర క్లాసులో ఫోన్ సౌండు రాకూడదు. శిరీషకి చేశాను.

"శిరీషా, మీ అమ్మ ఫోన్ ఎప్పుడు చూస్తారు?"

"క్లాసయ్యాక. నాలుగవుతుంది. ఎందుకు?"

"ఏం లేదు, ఊరికే."

"ఏం చేశారు?" అంది. చూశారా? 'ఏమైంది' అని కాదు, 'ఏం చేశారు' అని! చెప్పక తప్పలేదు. అంతా విని, "నాలుగు లోపల అక్కడుండండి. షేర్లు అమ్ముడైనట్టు ఫోన్‌కొచ్చిన మెసేజ్ చూసి అమ్మ కంగారుపడకముందు మీ నోటితో మీరే చెప్పండి" అని పెట్టేసింది.

షాపు ఆ లారీ ఓనరుకి అప్పగించి, "అన్నా, కాసేపు చూడు" అని కారెక్కాను. ఆయన ఎయిర్ ఫిల్టర్ ఆయనే వెతుక్కున్నాడట తర్వాత.

బందరు రోడ్డు. కంకిపాడు దాకా బానే పోయాను. ఉయ్యూరు దగ్గరకొచ్చేసరికి చెరుకు ట్రాక్టర్లు! ఫ్యాక్టరీకి తోలే రోజులు కదా, ముందు చెరుకు, వెనక చెరుకు, పక్కన చెరుకు. కారు రెండు గంటలకు పైగా అక్కడే ఆగిపోయింది. ఫోన్ తీసి చూశాను. పంపుల షేరు ఢమాల్ అనలేదు సరికదా, లేచి కూర్చుంది. కంపెనీకేదో పెద్ద ఆర్డరొచ్చిందట. గ్రూపులో గురూజీని అడిగితే, 'లాంగ్ టర్మ్‌లో పడుతుంది' అని పెట్టాడు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. ఆవిడ అకౌంట్లోకి పోలేకపోతే ఏం, నా అకౌంట్ ఉందిగా! ఇంకా పెరిగిపోకముందు అన్ని షేర్లూ నా అకౌంట్లో కొనేసి ఉంచుకుంటే, తర్వాత నెమ్మదిగా ఆవిడకి అప్పజెప్పొచ్చు. నా ఓటీపీ నాకే వస్తుంది. లాగిన్ అయ్యాను. కొన్నాను. అమ్మయ్య! కిటికీ దించి, పక్క ట్రాక్టరు ఆయన్ని అడిగి ఒక చెరుకు ముక్క తీసుకుని నమిలాను కూడా. ఆ చెరుకు అంత తియ్యగా ఉండటం చూసి, గండం గడిచిందనే అనుకున్నా.

పామర్రు దాటి కూచిపూడి చేరేసరికి మూడు దాటింది. మాస్టారి ఇంటి పక్కన రేకుల హాలు. లోపల మృదంగం మోగుతోంది. చిన్నపిల్లలు, కాలేజీ పిల్లలు వరసల్లో ఉన్నారు. వాళ్ల మధ్య మా అత్తగారు! చీరకొంగు నడుముకి బిగించి, తెల్లజుట్టు ముడేసి, అరికాళ్లతో నేలని తాటిస్తున్నారు. ఇంట్లో మోకాళ్ల నెప్పులని బామ్ రాసుకునే మనిషి ఈవిడేనా? ఆ కళ్లూ ఆ నవ్వూ చూస్తుంటే ఒక్క నిమిషం నేనెందుకొచ్చానో మర్చిపోయాను. అంతలోనే గుర్తొచ్చి ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

చెప్పేద్దామనే వచ్చాను, దేవుడి తోడు! కానీ గోడవారన ఆవిడ బ్యాగు కనపడింది. మార్కెట్ మూయడానికి ఇంకా కాస్త టైముంది. ఓటీపీ ఒక్కటి చూస్తే చాలు, నా దాంట్లోవి అమ్మేసి, ఆవిడ అకౌంట్లోనే కొని పెట్టేసి, ఏమీ జరగనట్టు ఇంటికి పోవచ్చు. పిరికివాడికి చివరి నిమిషంలో వచ్చే తెలివి ఎలా ఉంటుందో చూడండి!

మెల్లగా బ్యాగు పక్కన కూర్చున్నాను. నా ఫోన్లో ఆవిడ నంబరు కొట్టి ఓటీపీ అడిగాను. అటు చూస్తూ ఇటు బ్యాగులో చెయ్యి పెట్టాను. ఏదో చల్లగా తగిలింది. ఫోనే అనుకుని బయటికి లాగాను.

ఘల్లుమంది!

గజ్జెలు! కొత్త గజ్జెల జత నా చేతిలో వేలాడుతోంది. మృదంగం ఆగింది. పిల్లలంతా ఇటు తిరిగారు.

"ఎవరండీ మీరు? ఆడవాళ్ల బ్యాగులో చెయ్యెందుకు పెట్టారు?" అన్నారు మాస్టారు, పైపంచె సర్దుకుని నా మీదికొస్తూ.

"నేను... షేర్లు..." అన్నాను. గజ్జెలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. చెయ్యి వణుకుతోంది కదా, తాళం తప్పకుండా మోగుతున్నాయి కూడా!

"ఆగండి మాస్టారూ, మా అల్లుడు గారు!" అత్తగారు పరుగున వచ్చారు. "ఏమైంది బాబూ? శిరీష బానే ఉందా?"

ఆ మాటతో నాకు ఏడుపొచ్చినంత పనైంది. బజ్జీల దగ్గర్నుంచి చెరుకు దాకా మొత్తం చెప్పేశాను. చెప్పడం పూర్తయ్యేసరికి గోడ మీద గడియారంలో మూడున్నర దాటింది.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"కంగారేం లేదు అత్తయ్య గారూ! అవే షేర్లు నా అకౌంట్లో కొనిపెట్టాను. చూడండి," అని గర్వంగా ఫోన్ చూపించాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూశారు. నన్ను చూశారు. మళ్లీ ఫోన్ చూశారు. "ఇందులో ఏమీ లేవు బాబూ."

లాక్కుని చూశాను. ఖాళీ!

"ఏ బటన్ నొక్కి కొన్నారు?" బ్లాక్‌బోర్డు దగ్గర పిల్లాణ్ణి అడిగినట్టు అడిగారు.

అప్పుడు వెలిగింది. అలవాటు కొద్దీ ఇంట్రాడేలో కొన్నాను! డెలివరీలో కొనడానికి నా దగ్గర అంత డబ్బెక్కడిది, బ్రోకరు ఇచ్చే అరువు మీదేగా నా బతుకు! ఇంట్రాడేలో కొన్నది మనం అమ్మకపోతే మార్కెట్ మూసే ముందు బ్రోకరు సిస్టమే అమ్మేస్తుంది. అమ్మేసింది. అదీ నేను కొన్నదానికంటే తక్కువకి. జీవితంలో మొదటిసారి ఒక షేరు దాచుకుందామనుకున్నాను, అదీ నాకు చేతకాలేదు!

ఆవిడ నవ్వు ఆపుకోడానికి ప్రయత్నించారు. కుదర్లేదు. నేల మీద కూలబడి మరీ నవ్వారు. పిల్లలకి అర్థం కాకపోయినా వాళ్లూ నవ్వారు.

మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆలోచనగా, "అంటే... ఆ పంపుల షేర్లు అమ్ముడుపోయాయన్నమాట?" అన్నారు.

"పోయాయండీ," అన్నాను తలొంచుకుని.

"డబ్బు అమ్మగారికే వస్తుందా?"

"వస్తుందండీ. ఇంకొంచెం ఆగితే ఇంకా వచ్చేది, అదే నా బాధ."

"మరింకేం! ముహూర్తం పెట్టేస్తాను!" అన్నారు ఆయన.

అత్తగారి నవ్వు టక్కున ఆగింది. "ఇప్పుడేనా? వద్దు మాస్టారూ. ఇవాళ పోయిన షేర్లు మళ్లీ కొంటాను. అనుకున్న రేటు రానివ్వండి."

"అమ్మా, అనుకున్న రేటు పోయిన ఉగాదికే వచ్చిందని మీరే చెప్పారు. దసరాకి ఇంకో రేటు అన్నారు. అదీ వచ్చింది. నేను అడిగినప్పుడల్లా మీ రేటు పెరుగుతోంది!"

నేను తలెత్తి చూశాను. కొన్న రోజే రేటు అనుకుని, అది రాగానే అమ్మేసే మనిషి! మాకు అన్ని పాఠాలు చెప్పే మనిషి!

"ఎందుకండీ అమ్మలేదు?" అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి గజ్జెలు తీసుకుని సవరించారు. తర్వాత చిన్నగొంతుతో అన్నారు, "భయం బాబూ. రంగప్రవేశమంటే నా దగ్గర చదువుకున్నవాళ్లంతా వస్తారు. లెక్క తప్పితే వాళ్లని గోడకుర్చీ వేయించినదాన్ని. ఇప్పుడు నేను వాళ్లముందు అడుగు తప్పితే? షేర్లు అమ్మితే స్టేజీ ఎక్కాలి. అందుకే అమ్మలేదు."

"అత్తయ్య గారూ, నేను రోజూ తప్పుతూనే ఉన్నానండీ. ఏం కాలేదు. అన్నం పెడుతూనే ఉన్నారు," అన్నాను.

ఆవిడ మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు వేరేలా ఉంది. "సరే మాస్టారూ, పెట్టండి ముహూర్తం," అన్నారు.

తిరుగు ప్రయాణంలో కారులో ఆవిడ ఉయ్యూరు దాకా జతులు చెప్పుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఆపి, "ఆ షేరు ఇక చూడకండి బాబూ, నేనూ చూడను" అన్నారు. చూడలేదు. ఇద్దరం చూడలేదు.

రంగప్రవేశం పోయిన ఆదివారం అయింది. మీలో ఎవరూ రాలేదు, నష్టం మీకే! గోడకుర్చీ బ్యాచ్ మొత్తం దిగింది. బట్టతలలవాళ్లు, డాక్టర్లు, మా ఆటోనగర్ మెకానిక్ ఒకాయన కూడా. ఆవిడ ఒకచోట అడుగు తప్పారు. తప్పి, నాలిక కరుచుకుని, నవ్వి, అందుకున్నారు. హాలంతా లేచి నిలబడింది. నా పక్కన శిరీష కళ్లు తుడుచుకుంటోంది. నేను కూడా, కాకపోతే కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు నటించాను.

అయ్యాక మాస్టారు మైకు తీసుకున్నారు. "ఈ కార్యక్రమం ఇన్నాళ్లుగా వాయిదా పడుతోంది. తన ప్రయోజనం చూసుకోకుండా, సరైన సమయంలో షేర్లు అమ్మించి దీన్ని జరిపించిన అల్లుడు గారిని వేదిక మీదికి పిలుస్తున్నాం!"

కాదనేలోపు నన్ను ఎక్కించేశారు. పట్టుశాలువా కప్పారు. చప్పట్లు! కిందికి దిగితే ముగ్గురు వచ్చి, "ఏ షేరు ఎప్పుడమ్మాలో మాక్కూడా కాస్త చెప్పండి సార్" అన్నారు. శిరీష అటు తిరిగి దగ్గింది.

మార్కెట్లో దిగాక నాకు చేతికొచ్చిన మొట్టమొదటి లాభమండీ ఆ శాలువా! ఇంటికి రాగానే నాలుగు మడతలు పెట్టి నా టేబులు మీద పెట్టుకున్నాను. పొద్దున లేచేసరికి లేదు. శిరీష బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

"నా శాలువా నాకిస్తే ఏం?" అన్నాను.

"మీ చేతికిస్తే మూడున్నరలోపు అమ్మేస్తారు," అంది.